పావగడ దాతలూ, అరవై స్టీలు డబ్బాలూ

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్పే జబ్బు నాకు లేదు. నేను పులి అంటే మీరు పిల్లి అనుకోండి, వంద అంటే ముప్ఫై అనుకోండి. మా ఆవిడ పద్మ నా మాటల్ని అయిదుతో భాగిస్తుంది. వ్యాను నడిపే ఓబులేసు అంత శ్రమ కూడా పడడు, ‘ఊఁ’ అని బీడీ ముట్టించుకుంటాడు. హిందూపురంలో ఫోటో స్టూడియో నాది. బట్టతల మీద జుట్టు మొలిపించడం, చొక్కా కూడా సరిగా లేనివాడికి కోటు తొడిగించడం నా వృత్తి. చేతికున్న అలవాటు నోటికి పాకింది, అంతే.

కాబట్టి ఈ పావగడ ప్రయాణాన్ని తగ్గించుకుని చదవండి. సాగదీసినవి చాలా ఉన్నాయి గానీ, అసలు జరగనే జరగనిది మాత్రం ఒక్కటే రాశాను. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

బయల్దేరే ముందు

మా ఊరి పెద్దాసుపత్రిలో మంచం మీద పడుకున్న మనిషికి భోజనం ఆసుపత్రివాళ్ళే పెడతారు. ఆ మంచం పక్కన కింద కూర్చున్న మనిషికి ఎవరు పెడతారు? కొన్నేళ్ళ కిందట పద్మకు ఈ అనుమానం వచ్చింది. ఆవిడకు అనుమానం వస్తే నాకు ఖర్చు వస్తుంది. గేటు ఎదురుగా రేకుల షెడ్డు ఒకటి తీసుకుని, రోగుల వెంట వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం పూట అన్నం, సాంబారు ఊరికే పెట్టడం మొదలుపెట్టింది. బియ్యమంతా ఒక రైసు మిల్లు పెద్దమనిషి ఇచ్చేవాడు. ఈ ఏడు ఆయన మిల్లు అమ్మేశాడు. కొనుక్కున్నాయన్ని అడిగితే ‘చూద్దాం’ అన్నాడు. మా ఊళ్ళో చూద్దాం అంటే ఇక మీ మొహం చూడం అని.

గంగాళం ఖాళీ అవుతోంది. ఉన్న బియ్యం ఆదివారం దాకా వస్తాయి.

“సోమవారం ఆ గేటు దగ్గర నిలబడి, ‘ఈరోజు నుంచి అన్నం లేదు, వెళ్ళండి’ అని నేను చెప్పలేను” అంది పద్మ. “బియ్యం ఇచ్చేవాళ్ళని వెతుక్కొస్తారా, లేకపోతే ఆ మాట మీరే నిలబడి చెప్తారా?”

చిరుతపులిని చెవి పట్టుకుని ఫోటో తీసినవాణ్ణి. ఆ గేటు తలుచుకుని మాత్రం వెంటనే ఓబులేసుకు ఫోను చేశాను.

పావగడే ఎందుకంటే, అక్కడ ఎండకు అద్దె వస్తోందని విన్నాను. సోలారు పార్కుకు పొలాలు లీజుకిచ్చిన రైతులకు ఏటా డబ్బు వస్తుందట. మా వైపు ఎండకు మేమే అద్దె కడతాం, ఫ్యాను తిరిగినందుకు. పైగా ఆ తాలూకా కర్ణాటకదైనా, అక్కడి జనం జబ్బు చేస్తే సరిహద్దు దాటి మా ఆసుపత్రికే వస్తారు. దాతలంటే అక్కడే ఉండాలి.

ఖాళీ చేతులతో వెళ్ళకూడదని అరవై స్టీలు డబ్బాలు కొన్నాను. ఒక్కోదాని మూత మీద ‘పద్మమ్మ అన్నపుకొట్టు, పెద్దాసుపత్రి ఎదురుగా, హిందూపురం’ అని చెక్కించాను. పేరు పదిమందికీ తెలుస్తుందని నా ఎత్తు. లోపల పద్మ చేసిన వేరుశనగ ఉండలు.

“సామీ” అన్నాడు ఓబులేసు డబ్బాలు వ్యానులోకి ఎక్కిస్తూ, “చెనిక్కాయలు పండే సీమకు చెనిక్కాయుండలు మోసకపోతాండాము. ఇంగ రొండు బిందెల ఎండ గూడా తీసకపోదామా?”

పద్మకు చెప్పకుండా ఒక ఆల్బమ్ కూడా సంచిలో పెట్టుకున్నాను. మా షెడ్డులో అన్నం తినేవాళ్ళ ఫోటోలు. వాటిని చూపించి అడుక్కోవద్దని ఆవిడ ఎప్పుడో ఆజ్ఞ జారీ చేసింది. కానీ ఆవిడ ఫోటోగ్రాఫరు కాదు కదా.

పావగడ

మడకశిర దాటి కొంతదూరం పోయాక బోర్డులు కన్నడంలోకి మారతాయి. తిట్లు మాత్రం తెలుగులోనే ఉంటాయి. ఒక మేకలాయన మా వ్యానుకు దారి ఇస్తూ ఓబులేసును తిట్టిన తిట్టు మా ఊళ్ళో అంతరించిపోయి తరం దాటింది. ఓబులేసు బండి ఆపి, దిగి, ఇంకోసారి తిట్టించుకుని వచ్చాడు.

కోట కొండ కింద పావగడలో, పళ్ళెంలో పోసి ఉడికించే తట్టె ఇడ్లీ తిన్నాం. మా ఊరి ఇడ్లీ దీని ముందు మాత్ర బిళ్ళ. ఇది ఎడ్లబండి చక్రమంత ఉంది. అంచు నుంచి నడుమకు చేరేలోపు నాకు మళ్ళీ ఆకలేసింది. జత నలభై రూపాయలు, చట్నీ అడిగినన్నిసార్లు.

హోటలాయన గల్లాపెట్టె దగ్గర తీరిగ్గా కూర్చున్నాడు. “ఈ ఊళ్ళో బాగా దానం చేసేది ఎవరండీ?” అని అడిగాను.

“ఎవురికి చేసేది?”

“ఎవరికైనా.”

“ఎవురికైనా అంటే ఎవురూ చెయ్యరు. ఈడ గుళ్ళో శనిమహాత్మునికైతే అందరూ చేస్తారు. శనివారం వచ్చి చూడప్పా, మూడు జిల్లాల జనం దిగుతాది. భయముంటే జోబీ దానంతట అదే తెరుచుకుంటాది. మీరు దేంతో భయపెడతారు?”

“సాంబారుతో.”

ఆయన జాలిగా చూశాడు. “అట్లయితే కష్టమే.”

రాత్రి లాడ్జిలో దోమలు నన్ను మంచంతో సహా ఎత్తి కిటికీ దాకా తీసుకెళ్ళాయి. కిటికీకి జాలీ ఉండబట్టి బతికాను.

తిరుమణి వైపు

మర్నాడు పొద్దున్నే సోలారు పార్కు. సముద్రం చూడనివాళ్ళు దీన్ని చూస్తే చాలు. రోడ్డుకు రెండు పక్కలా ఆకాశం ఆనేదాకా నీలంగా అద్దాలు, తలలన్నీ ఒకే వైపు ఎత్తి, ఎవరో ఉపన్యాసం చెప్తుంటే వింటున్నట్టు. వాటి నీడలో గొర్రెలు మేస్తున్నాయి. ఒక గొర్రె అద్దంలో మొహం చూసుకుని ఉన్ని సవరించుకోవడం నా కళ్ళారా చూశాను.

అక్కడొక కంపెనీ ఆఫీసులో మేనేజరు దొరికాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. చల్లని నీళ్ళిచ్చి నేను చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కళ్ళు కూడా తుడుచుకున్నాడు, ఏసీ పడక.

“మంచి పని సార్. కానీ మేము ప్లాంటు చుట్టుపక్కల ఊళ్ళకే ఇవ్వాలి. మీది ఆంధ్రా.”

“ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే మా దగ్గర తింటారు బాబూ.”

“మనిషి బోర్డరు దాటతాడు సార్. ఫైలు దాటదు.”

డబ్బా చేతిలో పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. బహుమతులు తీసుకోకూడదని రూలట. వేరుశనగ ఉండకు లొంగిపోయి మెగావాట్లు రాసిచ్చేస్తాడని భయం కాబోలు. అలాంటి ఆఫీసులు ఇంకో రెండు తిరిగాం. రూలు ఒకటే, నీళ్ళ చల్లదనంలో తేడా.

అరసికెరె

ఇక రైతులే దిక్కని అరసికెరె వెళ్ళాం. అక్కడ నరసింహప్ప అనే ఆసామిని చూడమన్నారు. పార్కులో తన పొలం, చుట్టాల పొలం లీజుకిచ్చినవాడు, ఊళ్ళో మాట చెల్లేవాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు ముందే వేసి ఉన్నాయి.

“రాండి, కూర్చోండి. ఇన్సూరెన్సా, ప్లాట్లా, ఆశ్రమమా?” అన్నాడు.

“అన్నం” అన్నాను.

“ఇది కొత్తగా ఉండాదే!” అని చెయ్యి చాపాడు. ఆల్బమ్ ఇచ్చాను. ఒక్కో పేజీ తిప్పుతున్నాడు, నుదురు ముడి పడుతోంది. కరిగిపోతున్నాడనుకున్నాను.

“ఆకలంటావు. అందరూ నవ్వుతాండారు గదప్పా?”

అప్పుడు చూసుకున్నాను. నిజమే. ఒక్కడి మొహంలోనూ ఏడుపు లేదు. “అవి... తిన్నాక తీసిన ఫోటోలు” అన్నాను.

“తినకముందు తీయకపోయినావా?”

“తినకముందు ఫోటోకు ఎవురు నిలబడతారన్నా?” అన్నాడు ఓబులేసు.

నరసింహప్ప పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకు పార్కులో రెండు అద్దాలు పగిలాయని తర్వాత తెలిసింది. నవ్వడం అయ్యాక లోపలికి కేకేసి మాకు ముద్దలు వడ్డించాడు. రాగిముద్ద, ఉలవచారు, పచ్చి ఉల్లిపాయ. ముద్ద ఫుట్‌బాల్ అంత. మా ఇంట్లో ముద్దను నమిలి తింటామని చెప్తే నరసింహప్ప ఇల్లాలు బుగ్గలు నొక్కుకుంది. నమలకూడదట, మింగాలట. మింగాను. అది ఇప్పటికీ దారిలోనే ఉంది.

చేతులు కడుక్కుంటుండగా ఆయన అన్నాడు: “అన్నం ఎంతైనా పెడతా. దుడ్డు మాత్రం అడగొద్దు. లీజు దుడ్డు పడిందని తెలిస్తే సాలు, ఈ కుర్చీలు ఖాళీగా ఉండవు. నేను భూమి ఇచ్చినానో, దుకాణం తెరిచినానో నాకే తెలీకుండా ఉండాది. కోపం చేసుకోవద్దప్పా. నిడుగల్లు పక్క పోతే మా యక్క లక్ష్మక్క ఉండాది. నా పేరు చెప్తే మజ్జిగన్నా పోస్తాది.”

కోపం చేసుకోవద్దన్నాడు కదా, బాగా చేసుకున్నాను. ఆయనకివ్వాలని చంకలో పెట్టుకున్న డబ్బాను మళ్ళీ వ్యానులో పెట్టేశాను. ఇవ్వనివాడికి ఉండలెందుకు?

ఆ సాయంత్రం పద్మ ఫోను చేసింది. “ఎవరైనా?” అంది.

“మజ్జిగ దాకా వచ్చింది” అన్నాను.

నిడుగల్లు

శనివారం నిడుగల్లు చేరేసరికి వ్యాను ఉడికిపోయింది. కోట కొండ మొదట్లోనే ముందు నుంచి ఆవిరి లేచింది. కోట బురుజు కనపడనంత ఆవిరి. గొట్టం పగిలిందని ఓబులేసు తేల్చాడు.

పక్కనే గొర్రెలను తోలుకొస్తున్న పెద్దావిడ ఒకామె ఆగి, చూసి, ఇంట్లోకి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చింది.

“బోరు నీళ్ళప్పా. మేము తాగితే నోట్లో పండ్లు పచ్చబడతాయి. బండికి పండ్లు లేవు గదా, పొయ్యి.”

ఆమే లక్ష్మక్క. తమ్ముడి పేరు చెప్పాను. “వాడు పంపించినాడా? అయితే ఏమీ ఇచ్చి ఉండడు” అని మజ్జిగ తెచ్చింది.

గొట్టం కోసం ఓబులేసు బస్సెక్కి పావగడ పోయాడు. నేను ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. రేపు ఆదివారం. ఎల్లుండి గేటు. అరవై డబ్బాలు అరవై కళ్ళతో నన్నే చూస్తున్నాయి. వాటిని మళ్ళీ ఇంటికి మోసుకెళ్తే పద్మ ఏమీ అనదు, అదే భయం. నీళ్ళిచ్చినందుకు లక్ష్మక్కకు ఒకటిచ్చాను. పక్కింటామె తొంగిచూస్తే ఆమెకొకటి. ఎదురింట్లోవాళ్ళకు, పాలు తెచ్చినాయనకు, బండి ఎందుకు ఆగిందో చూడ్డానికొచ్చినవాళ్ళకు, చూడకుండా పోతున్నవాళ్ళను పిలిచి మరీ ఇచ్చాను. ఏమీ అడగలేదు. అడిగే ఓపిక అయిపోయింది. మధ్యాహ్నానికి వ్యాను ఖాళీ. తువ్వాలు మొహాన వేసుకుని అరుగు మీదే పడుకున్నాను.

చప్పుడుకు మెలకువ వచ్చింది. తల దగ్గర ఒక స్టీలు డబ్బా ఉంది. కళ్ళు నులుముకునేలోపు ఒకామె ఇంకోటి పెట్టి, మాట్లాడకుండా పోయింది. తర్వాత పాలాయన. తర్వాత ఇద్దరు కోడళ్ళు. ఒక్కొక్కరే వస్తున్నారు, పెడుతున్నారు, పోతున్నారు. చూస్తుండగానే నా చుట్టూ ఆ కోట గోడంత ఎత్తున డబ్బాలు లేచాయి.

మేనేజరు చేతులు వెనక్కి కట్టుకున్నాడంటే రూలుంది. వీళ్ళకేమొచ్చింది? దానం ఇవ్వకపోతే మానె, మేమిచ్చిన ఉండలు కూడా వద్దనేంత కానివాళ్ళమయ్యామా?

లక్ష్మక్క తన డబ్బా కూడా తెచ్చి పెట్టింది.

“బాగాలేవా అమ్మా?” అన్నాను.

“ఏంది బాగలేనిది?”

“ఉండలు.”

“పిలకాయలు అప్పుడే తినేసిరి. కొంచిం బెల్లం తక్కువైంది.”

“మరి డబ్బా తిరిగి ఇచ్చేస్తున్నారెందుకు?”

“మూత మీద మీ పేరుండాదే! మీ గిన్నె మేమెందుకు పెట్టుకుంటాము?”

డబ్బా ఎత్తబోయాను. చెయ్యి ఎత్తినంత సులువుగా డబ్బా లేవలేదు. మూత తీశాను. నిండా కందిపప్పు. ఇంకోటి తీశాను. రాగులు. ఇంకోదాంట్లో ఉలవలు. ఒకదాంట్లో చింతపండు అదిమి అదిమి పెట్టి, పైన ఉప్పురాయి. పాలాయన డబ్బాలో రాగుల మధ్య దాచిన నాటుకోడి గుడ్లు రెండు. ఇద్దరు కోడళ్ళ డబ్బాల్లో చెనిక్కాయలు, పోటీ పడి మూత పట్టనంత. ఒక డబ్బాలోంచి గొర్రెపిల్ల దూకి కొండెక్కింది. సరే, గొర్రెపిల్ల లేదు. మిగతావన్నీ ఉన్నాయి. అరవై మూతలు తీశాను, అరవైలో ఒక్కటీ ఖాళీగా లేదు.

నేను పేరు కోసం చెక్కించిన అక్షరాల్ని వీళ్ళు చిరునామా అనుకున్నారు. గిన్నె ఎవరిదో తెలిసింది, ఇక ఆ ఇంటికి చేరాలి, ఖాళీగా చేరకూడదు. అంతే.

“మేమెవరో కూడా మీకు తెలీదు కదమ్మా, ఎందుకిచ్చారు?” అని అడిగాను.

లక్ష్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “తెలీకేమి నాయనా. మా ఆయప్ప కాలు విరిగి మీ పెద్దాసుపత్రిలో నెల దినాలు పడుంటే, ఆ గేటు ముందర నేను తినింది మీ అన్నమే. ఆ సాంబారు ఇంగా నాలిక మీదే ఉండాది” అంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

గొట్టంతో దిగిన ఓబులేసు దూరం నుంచే డబ్బాల గుట్ట చూశాడు. “ఏం సామీ, ఒకరన్నా తీసుకోలేదా?”

“ఒకటి ఎత్తి వ్యానులో పెట్టు” అన్నాను.

ఎత్తాడు. ఆగాడు. నా జీవితంలో మొదటిసారి ఓబులేసు నోటి నుంచి బీడీ కింద పడింది.

మళ్ళీ అరసికెరె

లక్ష్మక్క గోతాలిచ్చింది. గింజలు వేరువేరుగా పోసి, డబ్బాలు ఖాళీ చేసుకుని, పావగడలో తలదాచుకున్నాం. పప్పు, చింతపండు దొరికాయి గానీ గేటుకు కావలసింది బియ్యం. ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది.

“ఏమప్పా ఫోటో సామీ! నా ఇంట్లో ముద్ద తిని, మా యక్కకు డబ్బా ఇచ్చి, నాకు ఇయ్యకుండా పోతివే? రాత్రి నుంచి మా యక్క ఫోన్లో నవ్వుతాండాది. ఊర్లో నా మర్యాద ఏం గావల్ల?” నరసింహప్ప.

“మీరే అడగొద్దన్నారు కదా.”

“దుడ్డు అడగొద్దంటి. డబ్బా ఇయ్యొద్దంటినా?”

మాట న్యాయమైనదే. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని అప్పటికి నాక్కూడా తెలిసొచ్చింది. పావగడ అంగడిలో ఉన్న చిక్కీలన్నీ కొని, డబ్బాకు నాలుగు చొప్పున వేసి తీసుకెళ్ళాం. అరసికెరెలో కుర్చీలు చాలక జనం నిలబడి ఉన్నారు. లీజు రైతులు. ఎవరికి డబ్బా ముందు అందాలో అక్కడ కొంచెం తోపులాట కూడా జరిగింది. మూడు దేశాల సైన్యాలు దిగి ఆపాయి. నిజానికి నరసింహప్ప ఇల్లాలు ఒక్క అరుపు అరిచింది.

గంట గడిచిందో లేదో డబ్బాలు తిరిగొచ్చాయి. నరసింహప్పది తీసి చూస్తే లోపల పిడికెడు బియ్యమే ఉన్నాయి. ఓబులేసు నా వైపు చూశాడు.

“మీ డబ్బాలో మూట పట్టదు గదప్పా” అన్నాడు నరసింహప్ప. “ఊరికే పంపరాదని దాంట్లో పిడికెడు ఏసినా. మిగిలింది ఆ పక్కనుండాది సూడు.”

పక్కన గోడ వారగా బియ్యం మూటలు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో మూట తెచ్చి దింపుతూనే ఉన్నారు. పిరమిడ్ అనను, మీరు నమ్మరు. వ్యాను పట్టక ఆయన తన ట్రాక్టరు కూడా ఇచ్చాడు. ఏటా లీజు డబ్బు పడ్డప్పుడు డబ్బాలు పంపమన్నాడు. “నువ్వు మాత్రం ఆ ఏడుపుగొట్టు ఆల్బమ్ తేవద్దు” అన్నాడు.

“నవ్వుతున్నారన్నారు కదా?”

“ఏడుపు దాన్ని చూపిచ్చే నీ మొగములో ఉండాదప్పా.”

గేటు

సోమవారం మధ్యాహ్నం గేటు దగ్గర నేనే నిలబడ్డాను. “రండి రండి, ఈరోజు సాంబారు నిడుగల్లు కందిపప్పుతో! బియ్యం అరసికెరెవి!” అని అరిచాను. నా అరుపుకు ఆసుపత్రిలో లేవలేనివాళ్ళు ఇద్దరు లేచి కూర్చున్నారని నర్సు చెప్పింది. పద్మ గరిటె పట్టుకుని, ఆ మాటను అయిదుతో భాగించకుండా నవ్వింది.

ఇప్పుడు డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. పద్మ వాటిలో కరివేపాకు పొడి పెట్టి పంపుతుంది, వాళ్ళు గింజలు నింపి పంపుతారు, మళ్ళీ ఖాళీగా పంపడం ఆవిడవల్ల కాదు. ఎవరు ముందు ఆపితే వాళ్ళకే నామర్దా. డబ్బాలకు బదులు గంగాళాలు పంపుదామన్నాడు ఓబులేసు. లక్ష్మక్క దాకా ఆ మాట పోతే, “ఆశకు మూత లేదు” అని కబురు పెట్టింది.

ఇక ఒప్పుకోలు. డబ్బాలు నిండి రావడం నిజం. మూటలు నిజం. ముద్ద నిజం, ఇంకా దిగలేదు. నేను కల్పించింది లక్ష్మక్క మొగుడి కాలు. ఆయన కాళ్ళు రెండూ రాయిలా ఉన్నాయి, రోజూ గొర్రెల వెంట కొండెక్కి దిగుతాడు. ఆ ఇంట్లో ఎవరూ మా ఆసుపత్రి గడప తొక్కలేదు, మా సాంబారు రుచి చూడలేదు. ఆమె కళ్ళు ఒత్తుకోనూ లేదు. కానీ ఈ కథ ఎవరికి చెప్పినా, ‘ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఎందుకిచ్చారు?’ అని అడుగుతున్నారు. కాలు విరిగిందంటే తృప్తిపడి ఇంటికెళ్తున్నారు.

ఎందుకిచ్చారని నేనడిగినప్పుడు లక్ష్మక్క నిజంగా అన్నది ఇది: “గిన్నె ఊరికే ఎట్ల పంపేదప్పా? మీ ఊర్లో పంపుతారా ఏంది?”

మా వీధిలో గిన్నె వెళ్తే ఖాళీగానే వస్తుంది, చాలాసార్లు అదీ రాదు. ఆ మాట రాయడానికి సిగ్గేసి, పాపం ఆయన కాలు విరగ్గొట్టాను.